ఏడో పెట్టె

మా నాన్న ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో దిగారు. దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే ఒకటే అనేవారు. "చీకట్ల ఉండేది చీకటే. గాలి ఆడుతుందా లేదా, గదొక్కటి చూస్కో." ఆయన కూతురిగా నేనూ అలాగే పెరిగాను. పైగా జీవశాస్త్రం చదివాను. కొలవలేనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. అందుకే ఇది రాయడానికి ఏడాది పట్టింది.

పీహెచ్‌డీ అయ్యాక నాకు రెండేళ్ల పోస్ట్‌డాక్ అవకాశం వచ్చింది. జంతువులు ఋతువు మారడాన్ని ఎలా పసిగడతాయన్నది మా ల్యాబ్ చేసే పని. పక్షులకు కళ్లే కాదు, పుర్రె గుండా మెదడులోకి దిగే వెలుతురు కూడా రోజు పొడవును తెలియజేస్తుంది. నా వంతుకు పొన్నంగి పిట్ట వచ్చింది. ఒళ్లంతా రంగులుండే చిన్న పిట్ట. వానలకు ముందు దక్షిణం నుంచి వచ్చి, తెల్లవారే వేళ, పొద్దు గూకే వేళ ఈల వేస్తుంది. ఏ రోజు మొదటి ఈల వినిపించిందో పట్టుకోవాలి. ఫెలోషిప్ పొడిగిస్తారా లేదా అన్నది ఆ రికార్డింగుల మీదే ఆధారపడింది.

అశ్వారావుపేటలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. కిటికీలోంచి చూస్తే పామాయిల్ తోట, దాని వెనక మళ్లీ పామాయిల్ తోట. కొన్ని రోజులు కిరాణా కొట్టు ఆయనతో తప్ప ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఆదివారం మా ఊరు ఖానాపురం హవేలి నుంచి అమ్మ ఫోన్ చేసి, "పర్మనెంట్ ఎప్పుడైతదే?" అని అడిగేది. చూద్దామనేదాన్ని.

అడవిలో నాకు తోడు ముత్తయ్య. కోయ పెద్దాయన, అరవై దాటాయి. నేను పెద్దయ్యా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. ఇద్దరం కలిసి చెట్లకు ఆరు రికార్డర్లు కట్టాం. అరచేతంత ఆకుపచ్చ పెట్టెలు. వేకువన వాటంతట అవే మొదలై, ఎండెక్కాక ఆగిపోతాయి. వారానికోసారి పొద్దున్నే మెమరీ కార్డు మార్చాలి. మార్చినప్పుడల్లా పెట్టె మీద రెండుసార్లు వేలితో తట్టి, పెట్టె నంబరు, వారం పైకి చెప్పమని నేనే నేర్పాను. గడియారం సరిగ్గా నడుస్తోందో లేదో తర్వాత సరిచూసుకోవడానికి. ముందు చిన్నగా దగ్గి, తట్టి, "మూడో పెట్టె. సోమవారం" అనేవాడు, బళ్లో హాజరు పలికినట్టు.

మొదటి ఏడాది మే నెలలో ఒక పొద్దున, "ఇంకో నాలుగు దినాలల్ల పిట్ట వస్తది మేడం" అన్నాడు. సరిగ్గా నాలుగో రోజే వచ్చింది.

"ఎట్లా తెలిసింది పెద్దయ్యా?" అని అడిగాను.

"ఏమో మేడం. ఎండ నెత్తి మీద దిగే తీరు మారతది. గంతే." అని తువ్వాలు తలకు చుట్టుకున్నాడు.

రెండో ఏడాది మార్చిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. ఖమ్మంలో దవాఖానాలో చేర్చారు. కూతురు సమ్మక్క ఒక్కతే దగ్గర ఉండి చూసుకుంది.

ఏప్రిల్‌లో వాగు అవతల ఇప్పచెట్టుకు నేనొక్కదాన్నే ఏడో పెట్టె కట్టాను. ఆ శనివారం బస్సెక్కి దవాఖానాకు వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చుని ఆ సంగతి చెప్పాను. చెప్పడానికి నాకు వేరే మనుషులు లేరు. ఏడో పెట్టె ఎక్కడుందో, వాగు ఎంత ఎండిందో, అన్నీ చెప్పాను. ఆయన నా మొహం కేసే చూస్తూ ఉన్నాడు. విన్నాడో లేదో తెలియలేదు.

మే మూడో వారంలో ఏడో పెట్టె కార్డు మార్చి తెచ్చి, మధ్యాహ్నం గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నాను. గురువారం నాటి ఫైలు. పొద్దున ఐదు గంటల నలభై నిమిషాల దగ్గర చిన్న దగ్గు వినిపించింది. రెండుసార్లు తట్టిన చప్పుడు. ఆ తర్వాత, "ఏడో పెట్టె. గురువారం."

కొంచెం ఆగి, "వచ్చింది మేడం."

పన్నెండు నిమిషాల తర్వాత పొన్నంగి పిట్ట ఆ ఏడాది మొదటి ఈల వేసింది.

ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. వీధిలో ట్రాక్టరు పోతోంది. అది పోయాక మళ్లీ విన్నాను. ఆయన గొంతే.

వెంటనే సమ్మక్కకు ఫోన్ చేసి నాయిన ఎట్లున్నాడని అడిగాను. "అట్లనే ఉన్నడు మేడం. మాట లేదు" అంది. ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాత నేను చేయాల్సిన పనే చేశాను. ఆ కార్డు పాతది కాదు, కొత్త ప్యాకెట్ చింపి నేనే వేశాను. ఆయన పనిచేసిన రోజుల్లో ఉన్నవి ఆరు పెట్టెలే, ఏడో పెట్టె అనే మాట ఆయన నోట ఏనాడూ రాలేదు. ఎవరో వచ్చి ఆయనలా మాట్లాడారనుకుందామా అంటే, మే నెలలో ఆ చెట్టు కింద మోకాలిలోతు ఎండుటాకులు. పిల్లి నడిచినా రికార్డవుతుంది. ఆ మాటలకు ముందు అరగంట, తర్వాత అరగంట విన్నాను. అడుగుల చప్పుడు లేదు.

నాలుగు రోజులకు ముత్తయ్య చనిపోయాడు.

మా డేటా పట్టికలో మనిషి గొంతు పడితే అది ఎవరిదో రాయాలి. నేను ముత్తయ్య అని రాశాను. మా ప్రొఫెసర్ చూసి, "ఆయన అప్పటికి ఆసుపత్రిలో ఉన్నాడన్నావు కదా?" అని అడిగారు. పాత క్లిప్పు ఎక్కడో కలిసిపోయి ఉంటుందన్నారు. గద్దించలేదు, మామూలుగానే అన్నారు. ఆ గడిలో పేరు చెరిపి, తెలియదు అని రాశాను. పొడిగింపు వచ్చింది. ఆ ఉత్తరం వచ్చిన రోజు ఎవరికీ ఫోన్ చేయలేదు.

దినాలు అయిపోయాక సమ్మక్క నా గదికి వచ్చింది. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"మా నాయిన గొంతు మీ పెట్టెలల్ల ఉంటదంట గదా మేడం. మా తాన ఒక్కటి గూడ లేదు."

ఏడాది రికార్డింగుల్లోంచి ఆయన మాటలన్నీ ఏరి ఆమె ఫోన్‌లో వేశాను. అన్నీ పెట్టె నంబర్లు, వారాల పేర్లే. ఒకటొకటీ విని నవ్వింది, ఏడ్చింది. ఆ చివరిది వేయాలా వద్దా అని తటపటాయించి, చివరకు వినిపించాను.

"గిది నాయిన మంచిగున్నప్పటిదేనా?" అంది.

అబద్ధం చెప్పలేకపోయాను. ఫలానా గురువారం, తెల్లవారుజామున ఐదూ నలభైకి అన్నాను.

ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. ఆశ్చర్యపోయినట్టు కూడా కనిపించలేదు.

"ఆ పొద్దు నాయిన పెదవులు కదిపిండు మేడం. అన్ని దినాలల్ల గదొక్కపారే. నీళ్లు అడుగుతుండనుకొని చెంచాతోని పోసిన. తాగలే."

తర్వాత ఆమెను బస్సెక్కించి వచ్చాను.

ఈ మే నెలలో ఏడు పెట్టెలకూ నేనే కార్డులు మార్చాను. పిట్టల ఈలలు వెతికి పెట్టే సాఫ్ట్‌వేర్ ఉంది, అన్ని గంటలూ చెవులతో వినక్కర్లేదు. అయినా ప్రతి ఫైలూ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని విన్నాను. గాలి ఉంది. వాగు దగ్గర కప్పలున్నాయి. పిట్ట వచ్చింది. అంతే, ఇంకేమీ లేదు. అన్నీ ఎందుకు విన్నానో నాకు తెలుసు. ఆ గురువారం ఏం జరిగిందో మాత్రం ఇప్పటికీ తెలియదు.