ఆరని జడ

ముసురు పట్టిన పొద్దున ఆలమూరు నుంచి కొత్తపేట వెళ్ళే ఆటోలో, నా పక్కన ఇరుక్కుని కూర్చున్న కాలేజీ పిల్ల జడలోంచి కొబ్బరినూనె, వాన తడి, ఆరీ ఆరని గుడ్డల వాసన కలిసి గుప్పుమనేసరికి, నేను ఉన్నపళంగా మా పెంకుటింటి అరుగు మీద, తొమ్మిదేళ్ళ వయసులో ఉన్నాను. అది మా రత్నం అత్త తల వాసన.

రత్నం అత్త మా నాన్నగారి ఆఖరి చెల్లెలు. అమ్మ కువైట్‌లో ఒకరింట్లో పనికి వెళ్ళిపోవడంతో నన్ను పెంచింది అత్తే. కొత్తపేటలో ఒక ప్రైవేటు బళ్ళో చిన్న తరగతులకి పాఠాలు చెప్పేది. జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది. ఆదివారం ఆరాధన వేళకి తల ఆరి ఉండాలి కాబట్టి శనివారం మధ్యాహ్నం నుంచే ఇల్లంతా ఆ పనిలో పడేది. నాయనమ్మ కుంకుడుకాయలు కొట్టి వేడినీళ్ళలో నానబెట్టేది. మందారాకు, మెంతులు వేసి కాచిన నూనె కుదుళ్ళకి పట్టించేది. కుంకుడు పులుసు కళ్ళలో పడి ఎర్రబడ్డ మొహంతో అత్త నులక మంచం మీద పడుకుని జుట్టు కిందికి వదిలితే, వీధిలో నా తోటివాళ్ళు తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్న కేకలు వింటూ నేను సాంబ్రాణి పొగ విసురుతూ కూర్చునేదాన్ని. అమ్మ పంపిన షాంపూ సీసాలు, మీద అరబ్బీ అక్షరాలున్నవి, ఒక్క తలకే సగం అయిపోతున్నాయని నాయనమ్మ బీరువాలో పెట్టి తాళం వేసేసింది.

వానాకాలంలో ఆ తల ఎన్నాళ్ళకీ ఆరేది కాదు. తడి తలే అల్లుకుని బడికి పోయి, సాయంత్రానికి తలపోటుతో గోడకి ఆనుకుని కళ్ళు మూసుకునేది. రోజూ నాలుగున్నరకే లేచేది. చిక్కు తీసుకోవడానికే ముప్పావు గంట పట్టేది, ఆ తర్వాత నా రెండు జడలు, నాయనమ్మ ముడి, అప్పుడు పొయ్యి. పడుకున్నప్పుడు ఆ జడ కొస నా గుప్పిట్లో ఉండాలి. లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

ఒక క్రిస్మస్ ముందు, పిండివంటకి గులాబీ పువ్వులు వండుతున్న రోజున, నడుము దాకా అయినా కత్తిరించుకుంటానని అత్త అడిగింది. అచ్చు నూనెలో ముంచుతున్న నాయనమ్మ, ఆడదానికి జుట్టే మహిమ అని చర్చిలో అయ్యగారు ఎన్నిసార్లు చెప్పలేదంది. నాన్నగారు గొంతు పెంచే మనిషి కాదు. రాజోలు వైపు సంబంధానికి పంపిన ఫోటోలో జడ ముందుకి వేసుకుని ఉన్నావు, రేపు వాళ్ళొచ్చి చూస్తే ఏమనుకుంటారన్నారు.

"పెళ్ళయ్యాక మీ ఆయన్నడిగి నీ ఇష్టం వచ్చినట్టు చేసుకోమ్మా."

"ఆయ్," అంది అత్త, పిండి కలుపుతూ.

ఆ వేసవిలో కొత్తపేట బస్టాండు దగ్గర, చెప్పుల కొట్టు మేడ మీద బ్యూటీ పార్లర్ పెట్టేరు. జీతం అంతా నాన్నగారి చేతికే ఇచ్చే అత్త, ట్యూషన్ డబ్బులు కొన్ని దాచుకుని, నాకు చెప్పులు కొనాలని ఇంట్లో చెప్పి, నన్ను వెంటబెట్టుకుని ఆ మెట్లు ఎక్కింది. గులాబీరంగు తెర వెనకాల కుర్చీలో కూర్చోబెట్టి, పార్లరావిడ జడ విప్పడం మొదలెట్టింది. విప్పుతూనే ఉంది. నేలకి తగిలిన జుట్టుని చూసి ఆవిడ చెయ్యి ఆగింది.

"ఇంట్లో చెప్పే వచ్చేరాండీ? తర్వాత మీవాళ్ళు నన్నంటారు."

"చెప్పేనండీ."

అబద్ధమాడితే పాపమని సండే స్కూల్లో నేర్చుకున్నాను, నిజమే. కానీ ఆ క్షణంలో నాకు పాపం గుర్తు రాలేదు. గుప్పిట్లో ఏం పట్టుకుని పడుకోవాలో అన్న దిగులే వచ్చింది.

"నాన్నగారికి చెప్పలేదు కదా అత్తా," అన్నాను.

పార్లరావిడ కత్తెర బల్ల మీద పెట్టేసింది. మీ అన్నయ్యగారిని ఒక్కసారి వెంటబెట్టుకుని రండి, అలాగే చేద్దామంది, మర్యాదగానే. అత్త అద్దంలోకి కాసేపు చూసింది. తర్వాత తన జడ తనే అల్లుకుంది. దాచుకున్న డబ్బుతో కింద కొట్లో నాకు ఎర్ర చెప్పులు కొంది. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. ఆ రాత్రి కూడా జడ కొస నా చేతికే ఇచ్చింది. తిట్టినా బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

అదే ఏడు ఆ సంబంధమే కుదిరింది. మామయ్యగారు మంచివారే. కాకపోతే ఆయన తల్లిగారికి కోడలి జుట్టు ఇరుగుపొరుగుకి చూపించడం ఇష్టం. ఆవిడ పోయేక ఆయన దుబాయ్ వెళ్ళేరు. నేనొచ్చేదాకా ఉండనీ అని ఫోన్లో అనేవారట. రెండేళ్ళకోసారి వచ్చేవారు, వచ్చినప్పుడూ ఉండనిమ్మనేవారు.

నేనిప్పుడు టీచర్ని. జుట్టు భుజాల దాకా ఉంచుకున్నాను, రెండు నెలలకోసారి బడి నుంచి వస్తూ అరగంటలో సరిచేయించుకుంటాను, ఎవరినీ అడగను. ఆ చెప్పుల కొట్టూ లేదు, మేడా లేదు. కుంకుడుకాయలు కొట్టే చప్పుడు మా వీధిలో ఏ ఇంట్లోనూ లేదు. వీధికో పార్లర్ ఉంది, ఇంట్లో చెప్పేరా అని ఏ ఒక్కరూ అడగరు.

కిందటి నెల అత్త మా ఇంట్లో నాలుగు రోజులుంది. పార్లర్‌కి వెళ్దామా అత్తా అన్నాను. జడ ముందుకి తీసి చూపించింది. నా చూపుడువేలంత సన్నంగా ఉంది. థైరాయిడ్ వచ్చాక దువ్విన ప్రతిసారీ ఊడి చేతికి వచ్చేసేదట.

"ఇప్పుడు మీ మామయ్యగారే కత్తిరించేసుకోమంటున్నారు," అంది.

ఆ రోజు నేను నోరు మూసుకుని ఉండాల్సింది అత్తా అని, ఇన్నేళ్ళకి అన్నాను. అత్త నా వైపు చూసింది, కోపం లేకుండా.

"నువ్వేం చేసేవే? కత్తిరించుకున్నా మళ్ళీ ఆ ఇంటికే కదా వెళ్ళాలి."