కొంగ అరిగిందా, విరిగిందా

మా సైకిలు గేర్ల మేస్త్రీ గారు పోయారన్న సంగతి నాకు బంటుమిల్లి దగ్గర ఓ రొయ్యల చెరువు గట్టు మీద తెలిసింది. చెరువు నీళ్ళు సీసాలో పట్టి ఉప్పెంత, ఆక్సిజనెంత అని చూసే ల్యాబు ఉద్యోగం నాది. రొయ్యలకి ఆదివారం లేదు కాబట్టి నాకూ లేదు. బందరు నుంచి ఫోన్ చేసింది మేస్త్రీ గారి కొట్టు పక్కనుండే టీ బండి బాబాయ్. "చర్చికి బయల్దేరుతూ, చెప్పులేసుకోడానికి కూర్చుని అలాగే ఒరిగిపోయారంట" అన్నాడు. ఇలాంటప్పుడు డిగ్రీ చదివినవాడు ఏమనాలో నాకు తెలుసు. "అయ్యో" అనాలి. "ఎన్నింటికి తీస్తారు" అని అడగాలి. నేను మాత్రం, "అదేంటి, నేనింకా ఆయనకి చెప్పలేదుగా" అన్నాను.

"ఏం చెప్పలేదు?" అన్నాడు బాబాయ్.

"ఏం లేదు. వస్తున్నా."

ఆ చెప్పనిదేంటో మీకు చెప్తాను, ఎవరో ఒకరికి చెప్పాలి గనక. ఆయన పోవడానికి నెల ముందు, పులిగడ్డ దగ్గర వంతెన ఎక్కుతుండగా నా సైకిలు వెనక గేరు విరిగి చక్రంలో పడింది. అరిగి అరిగి విరిగిందంటే తప్పు ఆయనది, మూడు రోజుల ముందే చూసి ఇచ్చారు గనక. దెబ్బ తగిలి విరిగిందంటే తప్పు నాది. నేను నలుగురిలో నిలబడి ఆయనదే అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. వ్యవహారం అక్కడితో తేలిపోయి ఉంటే ఈ నాలుగు మాటలూ ఎంతో హుందాగా రాసి ఉండేవాణ్ణి.

గేరు సైకిలు ఎరగని పెద్దల కోసం ఒక్క మాట. వెనక చక్రం పక్కన, కుడివైపు, ఓ ఇనప ముక్క మెడ వంచుకుని వేలాడుతుంటుంది. రెండు చిన్న గిలకలు, ఓ స్ప్రింగు, నాలుగు పిన్నులు, అంతే దాని ఆస్తి. హ్యాండిలు దగ్గర మీట నొక్కితే అది చైనుని ఓ పళ్ళ చక్రం మీంచి ఇంకో చక్రం మీదకి జరుపుతుంది. కంపెనీవాళ్ళు దాన్ని డీరైలర్ అంటారు. మేస్త్రీ గారు కొంగ అనేవారు. "చూడండి, చేపకోసం నీళ్ళలోకి వంగి చూస్తున్నట్టు లేదూ?" అనేవారు. నాకెప్పుడూ అలా కనిపించలేదు. ఇప్పుడు మాత్రం చెరువు గట్టున నిజం కొంగని చూసినా, దీనికి నూనె వేసి ఎన్నాళ్ళయిందో అనిపిస్తోంది.

ఆయన కొట్టు పరాసుపేటలో ఓ సందు మొదట్లో. కొట్టు వెడల్పు సరిగ్గా ఒక సైకిలు పొడుగు. రెండో సైకిలు వస్తే మొదటిది రోడ్డు మీదకి రావాలి. నేను గుడివాడలో సెకండ్ హ్యాండులో కొన్న గేరు సైకిలు నడిపించుకుంటూ మొదటిసారి వెళ్ళినప్పుడు, ఫోనులో ఓ పాతిక వీడియోలు చూసిన విజ్ఞానంతో వెళ్ళాను.

"కొత్త గేరు వేసేయండి మేస్త్రీ గారూ. ఇది అరిగిపోయింది."

"ఏది అరిగిందండీ?"

"మొత్తం."

"మొత్తం ఎక్కడా అరగదండీ. మీ కాలేజీలో మొత్తం అందరూ ఫెయిలయ్యారా?"

"దాదాపు" అన్నాను.

ఆయన నవ్వలేదు. నా జోకులకి ఆయన ఎప్పుడూ అక్కడికక్కడ నవ్వలేదు. కొంగ కింది కొస పట్టుకుని ఇటూ అటూ ఆడించి, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, నా వేలు తీసుకుని గిలక పళ్ళ మీద పెట్టారు. "కొత్తలో ఈ పళ్ళు మొద్దుగా ఉంటాయి. అరిగేకొద్దీ రంపం పళ్ళలా సూదిగా అవుతాయి. ముందు గిలకలు పోతాయి. తరవాత పిన్నులు వదులవుతాయి. స్ప్రింగు ఆఖర్న. మన బందరు ఉప్పుగాలికి అన్నీ కాస్త తొందరపడతాయనుకోండి. అయినా కడిగి వాడుకుంటే కొంగ ఆయుష్షు గట్టిది." మీవి ఇంకా మొద్దుగానే ఉన్నాయన్నారు. పళ్ళ గురించే అన్నారని అనుకుంటున్నాను.

ఆ రోజు ఏమీ మార్చలేదు. పాత టూత్‌బ్రష్‌ కిరసనాయిల్లో ముంచి, పసిపిల్ల పళ్ళు తోమినంత ఓపిగ్గా తోమారు. తోముతున్నంతసేపూ ఓ కీర్తన మొదటి చరణమే పాడారు. రెండో చరణం రాదా అని అడిగితే, ఈ పని మొదటి చరణంలోనే అయిపోతుందన్నారు. ఆనక కుట్టుమిషను నూనె ఒక్కో పిన్నుకి ఒక్కో చుక్క. నేను ఇంకాస్త వేయమన్నాను. "నూనె ఎక్కువైతే ఇసుకని పేరంటానికి పిలిచినట్టేనండీ" అన్నారు. అప్పట్నుంచి నా పేరు డిగ్రీ గారు. "రండి డిగ్రీ గారూ, ఇవాళ మొత్తం ఏం అరిగింది?" అని పలకరింపు.

ఆయన మాటల్లో నా బుర్రలో ఇరుక్కుపోయింది ఒకటుంది. "అరిగేది చెప్పి అరుగుతుంది. విరిగేది చెప్పకుండా విరుగుతుంది." అరుగుదలకి చప్పుడుంటుంది, చైను గొణుగుతుంది, మీట ఒక నొక్కుకి పలకదు. వినేవాడుంటే ముందే తెలుస్తుందని ఆయన సిద్ధాంతం. ఆ ఆదివారమే సాయంత్రం సమాధుల తోట దగ్గర ఒకాయన "పెద్దవయసు, ఒళ్ళు అరిగిపోయింది పాపం" అన్నాడు. టీ బాబాయ్ "నిన్న సాయంత్రం కూడా నిక్షేపంగా రెండు ట్యూబులు అతికించాడండీ" అన్నాడు. ఆయన సిద్ధాంతం ఆయనకే ఎలా వేసి చూడాలో నాకు తెలియలేదు.

ఇక నా ఘనకార్యం. గేరు విరిగిన రోజు తెల్లారకుండా లేచి హంసలదీవి దాకా తొక్కాను. కృష్ణ సముద్రంలో కలిసేచోట సైకిలుతో ఫొటో దిగాను. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి మొదలైంది. కోడూరు దాటేసరికి నాలో ఉన్న వీరుడు దిగిపోయి మామూలు మనిషి మిగిలాడు. చేపల వ్యాను ఒకటి వస్తుంటే చెయ్యెత్తాను. డ్రైవరు మంచివాడు. అవనిగడ్డ దాకా దింపుతానని, సైకిలు వెనక పడేస్తూ, "ఏ పక్క కిందకి పెట్టమంటారండీ?" అని అడిగాడు కూడా.

సైకిలుకి ఎడమపక్క కొత్త స్టిక్కరుంది. "బందరు టు బెర్లిన్" అని నేనే ప్రింటు వేయించుకున్నది. అది గీసుకుపోకూడదని, "కుడిపక్క కిందకి పెట్టేయండి" అన్నాను. కుడిపక్కే కొంగ ఉంటుంది. సైకిలు మీద ఐసుతో సహా రెండు చేపల ట్రేలు పెట్టాడు. రోడ్డు గురించి మీకు చెప్పక్కర్లేదు. అవనిగడ్డలో దిగి తొక్కాను. చైను కాస్త గొణిగింది, నేను వినలేదు. వంతెన ఎత్తుకి పెద్ద పళ్ళ చక్రం మీదకి మార్చాను. టప్పుమంది.

మర్నాడు కొట్టు దగ్గర జనం ఉన్నారు. విరిగిన ముక్క బల్ల మీద పెట్టి, "మీరు చూసి మూడు రోజులైంది మేస్త్రీ గారూ. ఇదేనా చూడటం?" అన్నాను. వ్యాను సంగతి అప్పుడే చెప్దామనుకున్నాను. ముందు కోపం వచ్చింది, తరవాత చెప్పడానికి సందు దొరకలేదు.

ఆయన కొంగని చేతిలోకి తీసుకుని వెలుతురుకేసి తిప్పారు. ఓ నిమిషం పట్టింది. "తప్పు నాదేనండీ" అన్నారు. "పిన్ను ఆడుతోందని చూశాను. ఇంకో నెల వస్తుందనుకున్నాను."

పంక్చరు కోసం కూర్చున్నాయన, "వయసొచ్చింది మేస్త్రీ, కళ్ళజోడు మార్పించు" అన్నాడు. మేస్త్రీ గారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ అదే పెట్టుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. నాకు మాటలు బాగా వస్తాయని ఊళ్ళో పేరు.

చైను తగ్గించి, మధ్య చక్రానికి తగిలించి, కొత్త కొంగ దొరికేదాకా ఒకే గేరు మీద తిరగమని పంపించారు. ఆ పంక్చరాయన మర్నాటి నుంచి ఇంకో కొట్టుకి వెళ్తున్నాడని టీ బాబాయ్ చెప్పాడు. నేను చెప్పేద్దామని మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి జనం. రెండోసారి ఆయనే రొయ్యల రేటు సంగతి ఎత్తి నన్ను మాటల్లో పెట్టారు. మూడోసారి ఎవరూ లేరు, ఆయన తీరిగ్గా ఉన్నారు, నేను టీ తాగి వచ్చేశాను.

ఇంట్లోవాళ్ళని ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక మేస్త్రీ గారి భార్య నన్ను పిలిచి, పేపరు పొట్లం ఒకటి చేతిలో పెట్టారు. "నీదేనంట నాయనా. పారెయ్యద్దన్నారు." విప్పితే కొంగ.

ఎందుకు పారెయ్యద్దన్నారో అంతుపట్టక దాన్ని గుడివాడ పట్టుకెళ్ళాను, నాకు సైకిలు అమ్మిన మెకానిక్ దగ్గరికి. ఏమీ చెప్పకుండా ముందు పెట్టి, "అరిగిందా, విరిగిందా?" అని అడిగాను. అతను భూతద్దం తీయలేదు, వీడియో చూడలేదు. స్ప్రింగు చుట్టల్లోకి గుండుసూది పెట్టి ఏదో గీకి, గోటి మీద పెట్టుకుని చూపించాడు. చేప పొలుసు.

"చేపల వ్యానెక్కిందా ఇది?"

"ఎక్కింది."

"గేరు పక్క కిందకి పెట్టారు."

ఆ పొలుసుని నా వేలి కొసకి అంటించుకుని చూశాను.

"మేస్త్రీ గారు చూళ్ళేదా?"

"చూశారు."

"ఆయన చూస్తే తెలిసిపోయి ఉంటుందండీ. నాకే తెలిసింది."

"తెలిస్తే తప్పు తనదని ఎందుకన్నారు?"

అతను పిన్ను వెలుతురుకేసి పెట్టాడు. "ఇదీ అరిగిందండీ, చూడండి. ఇది గట్టిగా ఉంటే ట్రేల బరువుకి ఆగేదేమో. ట్రేలు లేకపోతే ఈ పిన్నే ఇంకో నెల లాగేదేమో."

"ఇంతకీ తప్పెవరిది?"

"చెట్టు ముందా విత్తు ముందా అంటే నేనేం చెప్తానండీ. ఇట్లాంటివొస్తే మేం బందరు పంపేవాళ్ళం, ఆయన దగ్గరికి."

గుడివాడ నుంచి బందరు దాకా బస్సులో ఆలోచించాను. నలుగురిలో నా పరువు కాపాడారా? లేక తన వంతు తప్పు తను నిజాయితీగా చెప్పుకుని, నా వంతు నేను చెప్తానేమోనని ఆగారా? ఆ మూడోసారి తీరిగ్గా కూర్చున్నది అందుకేనా? లేక ఆయనకి నిజంగానే అరుగుదల అనిపించిందా, పొలుసుతో సహా? ఒక్కో ఊరు దాటేసరికి ఒక్కో జవాబు సరైనదనిపించింది. బందరులో దిగేసరికి అన్నీ సరైనవే.

తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె పెరట్లో ఉన్నారు. ఆయన చొక్కాలన్నీ ఉతికి ఆరేశారు, చర్చిలో ఎవరికైనా ఇచ్చేయడానికి. స్టిక్కరు మొదలుకుని పొలుసు దాకా అంతా చెప్పాను. జోకులు లేకుండా చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"ఆయనకి చెప్పావా?" అన్నారు.

"లేదు పిన్నిగారూ."

"మరి నాకెందుకు చెప్తున్నావు?"

"తెలీదండీ."

ఆమె ఆరేసిన చొక్కా కాలరు ఒకటి సరిచేశారు. కోపమో జాలో పోల్చుకోలేకపోయాను.

"నా గురించి ఏమైనా అన్నారా?" అని అడిగాను.

"నువ్వన్న మాటేదో మూడు రోజులు పోయాక గుర్తు చేసుకుని అన్నం ముందు నవ్వుతుండేవారు. ఏం మాటో చెప్పేవారు కాదు."

చినుకులు మొదలయ్యాయి. ఆమె గబగబా వసారాలోకి వచ్చి, "ఆ తాడు లాగు నాయనా" అన్నారు. అప్పుడు చూశాను. బట్టల తాడు మామూలు తాడు కాదు. వల అల్లే నైలాను తాడు, వసారా స్తంభానికో గిలక, పెరటి గోడకో గిలక, మధ్యలో చుట్టు తిరిగే తాడు. వానొస్తే పెరట్లోకి వెళ్ళకుండా ఇక్కడ నిలబడి లాగితే బట్టలే నడిచి వస్తాయి. ఎవరెవరివో పాత కొంగల గిలకలవి. పళ్ళు సూదిగా రంపాల్లా అరిగిపోయి ఉన్నాయి. లాగితే చిన్న చప్పుడైనా లేదు.

ముందు గళ్ళ చొక్కా వచ్చింది. చేతులు కాస్త చాపుకుని, తడుస్తూ, నా మీదకి నెమ్మదిగా వస్తుంటే దారిచ్చినట్టు పక్కకి జరిగాను. ఆమె దాన్ని తీసి భుజాన వేసుకున్నారు.

"లాగు, ఇంకా ఉన్నాయి" అన్నారు.

లాగాను. తెల్లది వచ్చింది.