చిన్నమామ కొన్న పెట్టె

ఆ రోజు తెల్లవారేసరికి ఉత్తరాన మబ్బు దిగి ఉంది. కోసిన పప్పుశనగ కళ్లంలో కుప్పగా పడి ఉంది. వాన తగిలితే గింజ నల్లబడుతుంది, తర్వాత ఎవరూ కొనరు. నేనూ నా భార్యా కుప్ప మీద టార్పాలిన్ పట్ట కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెడుతున్నాం. మూడో రాయి పెట్టేటప్పుడు ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చింది. మా చిన్నమామ పోయాడని ఆయన కొడుకు చెప్పాడు. పొద్దున్నే టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నాడట. మళ్లీ లేవలేదు. నాలుగో రాయి కూడా పెట్టి బయలుదేరాం. పని సగంలో వదిలి వచ్చామని తెలిస్తే ఆయన ఒప్పుకునే మనిషి కాదు.

చిన్నమామ మా అమ్మకు తమ్ముడు. జమ్మలమడుగు దగ్గరి మా ఊర్లో గొర్రెలు కాసే ఇంట పుట్టి, ప్రొద్దుటూరులో రేడియోలు బాగుచేసే ఒక సాయిబు దగ్గర పని నేర్చుకుని, చివరికి బంగారు అంగళ్ల వెనక సందులో వీడియో క్యాసెట్ల షాపు పెట్టాడు. టీవీ, వీసీఆర్ బాడుగకు ఇచ్చేవాడు. పల్లెలకు పంపేటప్పుడు టీవీని గొర్రెబొచ్చు కంబళిలో చుట్టి, తాడుతో నాలుగు వైపులా బిగించేవాడు. ఆ మూట చూస్తే లోపల ముసలమ్మ కూర్చుని ఉందేమో అనిపించేది.

అవి పార్టీల రోజులు. మా వైపు ఊర్లలో వర్గాన్ని పార్టీ అనేవాళ్లు. ఊరికి రెండు పార్టీలు, మనిషికి ఒకటి. పేరున్న మనుషులు ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో సినిమా హాలుకు పోవాలంటే రెండు జీపుల్లో మనుషులను వెంటేసుకుని పోవాల్సి వచ్చేది. చీకట్లో పక్క కుర్చీలో ఎవడు కూర్చున్నాడో తెలియదు. అందుకని వాళ్లు ఇంట్లోనే టీవీ పెట్టించుకునేవాళ్లు. చిన్నమామ రెండు పార్టీలకూ పంపేవాడు. ఆ ఇంట్లో ఏం చూశారని ఈ ఇంట్లో అడిగితే, "నేను క్యాసెట్ ఏసి బయట కూర్చుంటాప్పా, నాకేం తెల్సు" అనేవాడు.

ఆయన షాపులో ఒక అర మాత్రం బాడుగకు కాదు. అందులో పాత సినిమాల అసలు క్యాసెట్లు ఉండేవి. కంపెనీ అట్టపెట్టెతో, మద్రాసు నుంచి తెప్పించుకున్నవి. ఒక్కొక్కటి మామూలు కాపీ ధరకు పదింతలు ఉండేది. ఊరందరికీ ఆ అర ఒక పరాచికం. "ఆ అరలో సినిమాలుండాయా, బంగారముండాదా?" అని పక్క నగల అంగడి వాళ్లు అడిగేవాళ్లు. "మీ బంగారాన్ని మీరు గీకి చూస్తారు గదా, నేనూ గీకి చూసే కొన్నా" అనేవాడు.

ఆయన గీకి చూసే పద్ధతి ఒకటుంది. ఏ సినిమా అయినా సరే, చీకటి సీను దగ్గరికి తిప్పి చూసేవాడు. పాటలు, పోరాటాలు చూసేవాడు కాదు. "వెలుతురు సీను యా క్యాసెట్లోనైనా బాగుంటాది. చీకటి సీనులో మనిషి మొగం తెలుస్తాందా ల్యాదా, అది చూడు" అనేవాడు. ఈ మాట మా ఇంట్లో సంబంధాలు చూసేటప్పుడు కూడా వాడతారు.

క్యాసెట్లు పోయి సీడీలు, సీడీలు పోయి డీవీడీలు వచ్చాయి. షాపు మూతబడే నాటికి పాత సినిమాలను మఖమల్ పెట్టెల్లో పెట్టి వేలకు వేలు అమ్మడం మొదలైంది. కలమల్ల నుంచి ఒకాయన, కరెంటు ప్లాంటులో పనిచేసేవాడు, అట్లాంటి పెట్టె ఒకటి కొని చూపించడానికి తెచ్చాడు. పెట్టెలో డిస్కులతో పాటు పోస్టుకార్డులు, కీచైన్, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. చిన్నమామ ఒక డిస్కు వేసి, నేరుగా చీకటి సీనుకు పోయి, రెండు నిమిషాలు చూసి ఆపేశాడు.

"ఎట్లుందన్నా?" అని అడిగాడు ఆయన.

"పెట్టె శానా బాగుంది."

"సినిమా అన్నా?"

"టీవీలో ఊరికే వచ్చే బొమ్మేనప్పా ఇది. నువ్వు కొనింది పెట్టెను. పోపుల డబ్బాకన్నా పనికొస్తాది, ఇంటికి తీసకపో."

ఆయనకు పెట్టెల మీద ప్రేమ లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇంత ధర న్యాయమేనా అని ఎవరైనా అడిగితే, పదింట్లో తొమ్మిది మోసమనే చెప్పేవాడు. మంచివి ఎట్లా ఉంటాయో కూడా చెప్పేవాడు. అసలు నెగిటివ్‌ను వెతికి పట్టుకోవాలి, గీతలు ఒక్కొక్కటీ తుడవాలి, అంచులు కోయకుండా మొత్తం బొమ్మను ఎక్కించాలి. దానికి మనుషులు నెలల తరబడి కూర్చోవాలి. "ఆ కూలి ఇయ్యాల్సిందే. అట్టకు, మఖమల్‌కు ఎందుకియ్యాల?" అనేవాడు.

ఇన్ని చెప్పే మనిషి, ముప్పై ఏళ్లకు పైగా ఒకే ఒక సినిమాను వచ్చిన ప్రతి రూపంలోనూ కొన్నాడు. అదొక నలుపు తెలుపు జానపదం. గొప్ప సినిమా ఏమీ కాదు. ఆయన ఎందుకు కొన్నాడో చెప్పాలంటే మా పెద్దమామ సంగతి చెప్పాలి.

పెద్దమామ, అంటే చిన్నమామకు అన్న, గొర్రెలతోనే ఉండిపోయాడు. ఆయనకొక జతగాడు ఉండేవాడు. ఇద్దరి మందలూ కలిపి మేపేవాళ్లు. గొర్రె ఎవరిదో చెవి కోత చూసి చెప్పాల్సిందే, అంతగా కలిసిపోయిన మంద. వాళ్లు పడుచువాళ్లుగా ఉన్నప్పుడు గండికోటలో ఆ జానపదం తీశారు. రాజు గుర్రం మీద పోతుంటే ఎదురుగా గొర్రెల మంద రావాలి. మావాళ్ల మందను పిలిపించారు. ఆ ముక్క తెర మీద ఊపిరి రెండుసార్లు తీసుకునేంత సేపు ఉంటుంది. జమ్మలమడుగు హాల్లో అది ఆడినన్ని రోజులూ మా ఊరు ఊరంతా పోయి చూసి, ఆ ముక్క కాగానే సగం మంది లేచి వచ్చేసేవాళ్లట.

తర్వాత సర్పంచి ఎన్నికలు వచ్చాయి. గొర్రెలతో పాటు పెద్దమామ కౌలుకు చేసే భూమి ఆసామిది ఒక పార్టీ, జతగాడి ఆసామిది ఇంకో పార్టీ. ఒక పూటలో చెవులు చూసి మంద విడదీసుకున్నారు. ఆ తర్వాత నాలుగేళ్లకు సంత నుంచి వస్తున్న పెద్దమామను వంక దగ్గర చంపారు. ఆ గుంపులో జతగాడు ఉన్నాడు. ఆయన కొట్టాడా, నిలబడి చూశాడా అన్నది కోర్టులో తేలలేదు. సాక్షులు మాట మార్చారు, కేసు పోయింది. జతగాడు ఊరు వదిలి పులివెందులకు వెళ్లిపోయాడు.

పెద్దమామది ఒకే ఒక ఫోటో ఉండేది. జమ్మలమడుగు స్టూడియోలో జతగాడితో కలిసి తీయించుకున్నది. జతగాడు ఈయన భుజం మీద చెయ్యి వేసి ఉంటాడు. చనిపోయిన మూడో రోజు పార్టీవాళ్లు వచ్చి పోస్టర్లు కొట్టిస్తామని ఫోటో అడిగారు. ఆయన భార్య, మా పెద్దత్త, ఇవ్వనంది. చిన్నమామ ఆవేశంలో ఉన్నాడు. ఫోటో లాక్కుని, కత్తెరతో జతగాణ్ణి కోసేసి, మిగిలిన సగం పార్టీవాళ్ల చేతిలో పెట్టాడు. జతగాడి సగాన్ని ఎవరో పొయ్యిలో వేశారు. వారానికి పోస్టర్లు వచ్చాయి. పెద్దమామ భుజం మీద నాలుగు వేళ్లు అట్లాగే ఉన్నాయి. అవి ఎవరి వేళ్లో ఊర్లో అందరికీ తెలుసు. పోస్టర్లు మొదటి వానకు కారిపోయాయి. ఫోటో తిరిగి రాలేదు. చిన్నమామ ఆ పార్టీ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు. కొన్నిసార్లు నేనూ వెంట ఉన్నాను.

పెద్దత్త ఆయనను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయన ఒకసారి నాతో అన్నాడు.

ఇక పెద్దమామ మొహం మిగిలింది ఆ సినిమాలోనే. కాపీ క్యాసెట్లో ఆ మొహం ఉన్నచోట సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ. అసలు క్యాసెట్లో తలపాగా లేని తల అని మాత్రం తెలిసేది. డీవీడీలో పైనా కిందా కోసేశారు, గొర్రెలు మాత్రం మిగిలాయి. టీవీలో వేసేటప్పుడు ఆ ముక్కే ఎత్తేశారు. ఒక్కోటి వచ్చినప్పుడల్లా చిన్నమామ కొని, చూసి, అరలో పెట్టేవాడు. మళ్లీ దాని గురించి మాట్లాడేవాడు కాదు.

కొన్నేళ్ల కిందట ఆ సినిమా బ్లూ-రే డిస్కుగా వచ్చింది. నెగిటివ్ దొరికిందని, మొత్తం బొమ్మ ఉందని రాశారు. పెట్టె చెక్కతో చేసింది. దాన్ని ఆడించే మిషను వేరే కొనాలి. చిన్నమామ కొడుకు ఆ రోజు ఇంట్లో పెద్ద రభస చేశాడు.

"నాయనా, ఆ దుడ్లకు రెండు గొర్రెపిల్లలు వస్తాయి. నీకేమన్నా మతి ఉండాదా? ఫోన్లో ఊరికే వస్తాంటే పెట్టె కొంటాడంట పెట్టె."

"ఫోన్లో మీ పెదనాయన కనపడతాండాడా?"

"దీంట్లో కనపడతాడని ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పల్యా. కొంటే గదా తెలిసేది."

పెట్టె వచ్చింది. నెల దాటింది. చిన్నమామ ఫోన్ చేయలేదు. నేనే ప్రొద్దుటూరు పోయి అడిగాను. తలుపు దగ్గరికి వేసి, ఆ ముక్క నాకు చూపించాడు.

పెద్దమామ ఉన్నాడు. కనుబొమ్మల మీది దుమ్ము కూడా కనబడుతోంది. మెడ మీద గొర్రెపిల్లను వేసుకుని నడుస్తున్నాడు. ఇన్నాళ్లూ అన్ని టీవీలూ మింగేసిన అంచులో జతగాడు ఉన్నాడు. చెయ్యి చాపి ఆ గొర్రెపిల్ల చెవి గిల్లుతున్నాడు. ఇద్దరూ నోరంతా తెరిచి నవ్వుతున్నారు.

"చూసినావా అల్లుడా," అన్నాడు చిన్నమామ. "దీన్ని కత్తెర పెట్టి కొయ్యలేం గదా. వదినకు చూపించాల్నా, వద్దా?"

 చూపిస్తే, భర్తను చంపిన గుంపులోని మనిషిని భర్త పక్కన నవ్వుతుండగా చూపించినట్టు. చూపించకపోతే, మొహం ఉండి కూడా రెండోసారి దాచినట్టు. ఆమెకు అప్పటికే డెబ్బై దాటాయి. ఇంకో నెల ఆలోచించి, ఒక ఆదివారం మిషనును పాత కంబళిలో చుట్టుకుని నాతో మా ఊరి బస్సెక్కాడు.

పెద్దత్త ఇంట్లో టీవీ చిన్నది. దాన్ని గోడ నుంచి ముందుకు జరిపి ఆయన వైర్లు కలిపాడు. ఆమె మంచం అంచున కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

"వదినా, ముందే చెప్తాండా. పక్కన వాడు గూడా ఉండాడు."

"ఎయ్యప్పా."

వేశాడు. మంద వచ్చింది, పోయింది. ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉంది.

"వెనక్కి తిప్పు."

తిప్పాడు. ఈసారి ఆ చోట ఆపి పెట్టాడు. ఆమె లేచి టీవీ దగ్గరికి పోయి నిలబడింది. చిన్నమామ నేల వైపు చూస్తున్నాడు.

"వదినా, పక్కన..."

"కనపడతాండాడులే. నాకు కండ్లు పోలేదు." జతగాడి మీద వేలు పెట్టి మళ్లీ అంది: "ఆ పొద్దు ఇద్దరికీ సద్ది నేనే కట్టిచ్చినా. జొన్నరొట్టెలు, ఎర్రగడ్డ కారం. వీడు రెండు రొట్టెలు ఎక్కువ తింటాడని వీనికి ఎక్కువ పెట్టినా."

ఆమె చిన్నమామ వైపు తిరిగింది.

"ఎంత పెట్టి కొన్నావప్పా?"

చెప్పాడు.

"శానా పోసినావు."

"అవును వదినా."

"ఆ పొద్దు ఫోటో నువ్వు గుంజుకోకపోయింటే ఇంత పొయ్యాల్సిన పని ఉండేది కాదు గదా."

అంతకాలం అనని మాట అదే. చిన్నమామ తల ఊపాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. ఆమె మళ్లీ మంచం మీద కూర్చుని చాట ఒళ్లోకి లాక్కుంది.

"ఇంగోసారి ఎయ్యి. ఈసారి నిదానంగా పోనీ."

ఆ రోజు ఎన్నిసార్లు వేశాడో గుర్తు లేదు. మిషనూ పెట్టే అక్కడే వదిలేసి వచ్చాడు. తిరుగు బస్సులో నేనూ ఆయన వెంట ప్రొద్దుటూరు దాకా పోయాను. జమ్మలమడుగు దాటాక కండక్టరుతో చిల్లర గురించి చాలా హుషారుగా కొట్లాడాడు. ఇంత ధర పెట్టి పాత సినిమా కొనడం న్యాయమా కాదా అని ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే నేను ధర చెప్పలేను. చీకటి సీను చూసి కొనమని మాత్రం చెబుతాను.

చిన్నమామ పోయిన రోజు మేము ప్రొద్దుటూరు చేరేసరికి మబ్బు విడిపోయి ఎండ కాస్తోంది. పెద్దత్త మాకంటే ముందే వచ్చి తలాపున కూర్చుని ఉంది. పది గంటలప్పుడు సందు చివర ఆటో ఆగింది. చేతికర్రతో ఒక ముసలాయన దిగి అక్కడే నిలబడ్డాడు. పులివెందుల నుంచి వచ్చిన జతగాడని గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. చిన్నమామ కొడుకు కోపంతో లేచాడు. నేను పోయి పెద్దత్తతో చెప్పాను.

"నువ్వు చెప్పేదాకా నాకు తెల్దనుకుంటివా," అంది ఆమె అటు చూడకుండానే. "సావుకొచ్చినోణ్ణి పొమ్మంటామా. కుర్చీ ఎయ్యిపో."

కుర్చీ తీసుకుపోయి వేశాను. ఆయన కూర్చోలేదు. దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.  పదకొండున్నరకు అదే ఆటోలో వెళ్లిపోయాడు. పన్నెండుకు పాడె లేపాం. పెద్దత్త మరునాడు పొద్దున ఆరున్నర జమ్మలమడుగు బస్సుకు ఊరికి వెళ్లింది.