నాయన ఆదివారం, మామ సోమవారం

మా పల్లె గుమ్మఘట్ట దిక్కున, ఎండిపోయిన వంక పక్కన ఉండేది. వీధిలో తెలుగెంత వినిపించేదో కన్నడమూ అంతే వినిపించేది. ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి రోజుల్లో మా నాయన బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయనతో పాటు మరో మూడు నాలుగు ఇళ్లవాళ్లు. మిగిలిన చుట్టాలంతా పాత దేవుళ్లతోనే ఉండిపోయారు. దాని గురించి ఎవరూ గొడవపడలేదు. తిండికే కటకటలాడే చోట దేవుళ్ల కోసం కొట్టుకునే ఓపిక ఎవరికుంటుంది?

ఎదురింటాయన అమ్మకు తమ్ముడి వరస, నాకు మామ. మాకొక ఎద్దు, ఆయనకొక ఎద్దు. విడివిడిగా రెండూ దండగే. జోడు కడితే రెండిళ్ల సేద్యం నడిచేది. మామ బసవన్నను కొలిచేవాడు. సోమవారం బసవన్న దినం కాబట్టి ఎద్దు మెడ మీద కాడి పెట్టడు. దాన్ని కడిగి, బొట్టు పెట్టి, మేతేసి దండం పెట్టుకుంటాడు. మా నాయనదేమో ఆదివారం. ఆ రోజు తను పని చేయడు, ఎద్దు చేతా చేయించడు. పక్క ఊరి నుంచి సైకిలు మీద వచ్చి మా రేకుల మందిరంలో ప్రార్థన జరిపించే ఉపదేశి, ఎద్దుకు కూడా విశ్రాంతి ఇవ్వాలన్నది దేవుడి ఆజ్ఞ అని ఒకసారి చెప్పాడు. ఇక నాయనను కదిలించడం ఎవరి తరమూ కాలేదు.

ఊరికి ఇదొక వేడుక. "వారానికి రెండు దినాలు సెలవంట! తాసిల్దారుకు గూడా లేదు గదప్పా ఈ యోగం!" అని మా ఎద్దుల్ని చూసి నవ్వేవాళ్లు. అందరికంటే గట్టిగా మామే నవ్వేవాడు.

ఆ ఏడు మాత్రం నవ్వులు ఆగిపోయాయి. ఆషాఢం పోయింది, శ్రావణం వచ్చింది, చినుకు రాలలేదు. విత్తనానికి దాచిన శనక్కాయల్ని అమ్మ మా చేతికి అందకుండా అటక మీద పెట్టింది. వాన పడితే అవి విత్తనాలు. పడకపోతే అవే తిని, తర్వాత ఊరు వదలాలి. ఈ సంగతి ఇంట్లో చంటిదానికి తప్ప అందరికీ తెలుసు. చివరికి ఒక శనివారం సాయంత్రం గట్టి వాన కురిసింది. అమ్మ వానలోనే నిలబడి ఏడ్చింది.

మా ఎర్రనేలలో తడి నిలవదు. దానికి తోడు పాడు పడమటి గాలి ఒకటి. ఆ తడి పదును ఉండగానే విత్తాలి, ఆరిపోతే గింజ మట్టిలోనే మాడిపోతుంది. ఆదివారం తెల్లవారేసరికి మామ తన ఎద్దును తోలుకొని మా వాకిట్లో నిలబడ్డాడు.

"బావా, లేయి. నాది దిన్నె మింద చేను. రేపటికి ఆరిపోతాది."

"ఈ పొద్దు ఆదివారం గదప్పా," అన్నాడు నాయన.

"నువ్వు రావద్దులే. ఎద్దునియ్యి. నేనూ నా పెండ్లామూ ఇత్తుకుంటాం."

"ఎద్దుకూ ఆదివారమే. వాన ఇచ్చిన దేవుడు పదను నిలబెట్టల్యాడా? నాకు నమ్మకముండాది."

అమ్మ ఇంట్లోంచి దూసుకొచ్చింది. "నీ నమ్మకం కోసరం వాళ్ల బిడ్డల నోట్లో మన్ను కొడతావా? మతి ఉండాదా నీకు?" అంటూ ఎద్దు పలుపు విప్పబోయింది. మామే ఆపాడు. "వద్దక్కా. బావ మాట కాదని నేను తోలుకపోను," అని తన ఎద్దును మళ్లించుకొని వెళ్లిపోయాడు.

పొద్దంతా గాలి వీచింది. మందిరం రేకులు దడదడలాడుతుంటే నాయన మోకాళ్ల మీద నిలబడి, పదును ఆరకుండా చూడమని కన్నీళ్లతో ప్రార్థన చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత ఏడ్చే బదులు ఆ ఎద్దును ఇచ్చేస్తే పోయేది కదా! ఇప్పటికీ అదే అంటాను.

సోమవారం పొద్దున నాయన వాకిట్లో దిగాలుగా కూర్చున్నాడు. నిన్న అంత మొండికేసిన మనిషికి ఈ రోజు మామను అడిగే మొహం ఎక్కడిది? మామే వచ్చాడు, ఎద్దును తోలుకొని. దాని నుదుట బొట్టు కూడా లేదు.

"ఇత్తే గొర్రు కట్టు బావా."

"ఈ పొద్దు సోమవారం గదప్పా!"

"నాకు తెలీదా?"

నాయన తడబడ్డాడు. "అట్లయితే ముందు నీ చేనికి పోదాం పా."

"నా చేన్లో ఏముండాది? చెయ్యి పెట్టి చూసినా, అడుగున గూడా తడి లేదు. నీది వంక పక్కది, ఇంకా పదనుండాది. యాడ మొలుస్తాదో ఆడ ఇత్తుదాం. పిల్లోళ్లుండారు."

కాడి ఎత్తే ముందు మామ తన ఎద్దు కాళ్లకు మొక్కాడు. "తప్పైపాయ స్వామీ," అని లెంపలేసుకున్నాడు. ఆ చేతులతోనే కళ్లు తుడుచుకొని మేడి పట్టాడు. అమ్మా నేనూ గొర్రు వెనక విత్తనాలు వదులుతూ నడిచాం. పొద్దు గుంకేలోపు చేను పూర్తయింది.

మా చేను మొలిచింది. తర్వాత పడిన జల్లులకు ఏదో కాసింది, మా కడుపులకు సరిపోయింది. మామ దిన్నె మాత్రం, ఆ జల్లులకు విత్తేంత పదును రాక, ఎర్రగానే ఉండిపోయింది. దసరా దాటగానే ఆయన ఎద్దును సంతలో అమ్మేసి, పెళ్లాంబిడ్డలతో కణేకల్ దిక్కు కాలువ కింద కూలికి బయలుదేరాడు. "పోయొస్తాం బావా," అంటే నాయన వాళ్ల మూట అందుకొని ఊరి చివరిదాకా వెంట నడిచాడు.

మందిరంలో కోత పండుగ వచ్చింది. అమ్మ మా చేని కాయలు గంపలో తెచ్చి ముందు పెట్టింది. ఉపదేశి మహా సంతోషపడ్డాడు. ఎద్దును కూడా ఆదివారం కాడికి కట్టని విశ్వాసి చేనును దేవుడు ఎలా దీవించాడో చూడండన్నాడు. లేచి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని నాయనను పిలిచాడు.

నాయన లేచి గంప వైపు చూశాడు.

"నా ఆదివారం నా దగ్గరే ఉండాది," అన్నాడు. "నా చేను మొలిచింది ఆ యప్ప సోమవారంతో. ఆ యప్ప యాడుండాడో, ఈ పొద్దు బిడ్డలకు ఏం పెట్టినాడో నాకు తెలీదు."

అంతే చెప్పి కూర్చున్నాడు. సాక్ష్యం ముగియగానే అందరూ స్తోత్రం అనాలి. ఆ రోజు ఎవరూ అనలేదు.