తప్పు తేలితే చప్పట్లు

గణిత శాస్త్రజ్ఞుల జాతీయ సంఘం సమావేశాలు అనంతపురంలో జరిగినప్పుడు నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. తనకల్లు దగ్గర వేరుశనగ పండించే మా నాయన, నా ప్రసంగం వింటానని తెల్లచొక్కా తొడుక్కొని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

నేను నా సిద్ధాంతాన్ని బోర్డు మీద నిరూపించి ముగించగానే సంఘం అధ్యక్షుడు లేచి, అది పొసగని ఒక ఉదాహరణ రాశారు. రెండేళ్ల నా పని అక్కడికక్కడే కూలిపోయింది. హాలంతా చప్పట్లు. తప్పు పట్టినవారికి చప్పట్లు కొట్టడం మా లెక్కలవాళ్ల ఆనవాయితీ. ఏడుపు దిగమింగుకొని నేనూ కొట్టాను.

పక్కాయన్ని అడిగి విషయం తెలుసుకున్న నాయన దిగ్గున లేచాడు.

"ఏం సార్, నా బిడ్డ లెక్క తప్పితే అందరూ చప్పట్లు కొడతాండారే!"

నాకు తల కొట్టేసినట్టయింది. అధ్యక్షుడు మాత్రం నెమ్మదిగా, "తప్పినందుకు కాదు పెద్దాయనా. ఆ దారిలో ఏమీ లేదని తేలింది. ఇక ఎవరూ అటు పోయి ఏళ్లు పోగొట్టుకోరు," అన్నారు.

నాయన కూర్చున్నాడు. ఊరికి పోవడానికి కదిరి బస్సెక్కాక నావైపు తిరిగాడు.

"మన చేన్లో అన్ని బోర్లు ఏపిస్తిమి, ఒక్కదాంట్లో గూడా నీళ్లు పడల్యా. ఈడ నీళ్లు లేవప్పా అని ముందే చెప్పినోడు ఒకడుండింటే, వానికి నేనూ చప్పట్లు కొట్టింటి పాపా."

ఆనవాయితీగా కొట్టిన ఆ చప్పట్లకు అర్థం నాకు ఆ బస్సులో తెలిసింది.