నోరు మూసుకుని చదివిన చలి

మొన్న నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే అవనిగడ్డలో ఆస్పత్రికి వెళ్ళాను. అక్కడి నర్సమ్మ నా నోట్లో థర్మామీటరు పెట్టి, "తాతగారూ, కాసేపు మాట్లాడకండి, రీడింగు తప్పొస్తుంది" అనగానే నాకు నవ్వాగక అది కాస్తా జారి ఒళ్ళో పడింది. పాపం ఆ పిల్ల విసుక్కుంది. ఇదే మాట నలభై ఏళ్ళ కిందట, భూమికి ఆ చివర మంచులో నిలబడి ఉన్నప్పుడు, ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో ఆమెకేం తెలుసు!

నా తోటి వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో వాతావరణం ఆఫీసులో ఉద్యోగం అంటే మావైపు నవ్వేవాళ్ళు, వాన వస్తుందని వీళ్ళు చెబితే వడియాలు ఎండబెట్టుకోవచ్చని. నాకు మాత్రం అది నవ్వులాట కాదు. దివిసీమ ఉప్పెనలో మా మేనత్త ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు, అందుకే బందరులో ఆ ఉద్యోగం దొరికిన రోజున మా అమ్మ చర్చిలో మోకరించి, వీడి చేత ఒక్క తప్పు అంకె కూడా రాయించకు ప్రభువా అని ప్రార్థన చేసింది. అక్కడ నాకు పని నేర్పిన పెద్దాయన, మా పై అధికారి, రెండే సూత్రాలు చెప్పేవారు. ఒకటి, కంటితో చూడనిది రాయకూడదు. రెండోది, ఆవరణలో తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి, లోపలి థర్మామీటరు దగ్గరికి వంగి, కనబడ్డ అంకెని పైకి రెండుసార్లు చదివి, అప్పుడే పుస్తకంలో రాసుకోవాలి. కన్ను మోసపోయినా చెవి పట్టుకుంటుందనేవారు. ఆరేళ్ళు అలా చదివీ చదివీ, చివరికి ఇంట్లో గడియారం చూసినా పైకి చదివేవాణ్ణి.

ఆ తర్వాత ధ్రువం దగ్గరి పరిశోధన కేంద్రానికి ఏడాది పాటు మనుషులు కావాలంటే, చలి అంటే రగ్గు కప్పుకోవడమే అనుకునే నేను పేరిచ్చేశాను. అక్కడ మూడు గంటలకోసారి గాలి, ఒత్తిడి, మబ్బు, ఉష్ణోగ్రత రాయాలి. పగలు నావి, రాత్రివి ఒక మరాఠీ ఆయనవి. సిరా గడ్డకడుతుంది కాబట్టి పెన్సిలు, మంచుగాలిలో దారి తప్పకుండా కేంద్రం నుంచి పెట్టె దాకా కట్టిన తాడు. పట్టుదలగానే మొదలుపెట్టాను, ఒక్క గడి కూడా ఖాళీ ఉండకూడదని. వంటాయన మాత్రం మన గుడివాడ మనిషి కావడం దేవుడి దయ. మొదటి రోజే నన్ను బావా అన్నాడు, అక్కడికి నిజంగానే నాకు చెల్లెల్నిచ్చినట్టు.

ఆ పెట్టెలోనే, తిరిగే కాగితం మీద ముల్లుతో వేడిని గీతగా గీసే పరికరం ఇంకోటి ఉండేది. వారానికోసారి కాగితం మార్చాలి. ఐదారు వారాలకి చూద్దునుగదా, పగటి గీతలో మూడు గంటలకోసారి చీమంత బొడిపె! ఈ మంచు నేల పగలు లెక్కగా వేడెక్కుతోందని, ఎవరూ కనిపెట్టనిది నేను కనిపెట్టానని పొంగిపోయి, భోజనాల దగ్గర అందరికీ కాగితం చూపించాను. వంటాయన చారు గరిటె పట్టుకునే తొంగిచూశాడు.

"అదేంటి బావా, రాత్రి ఆయనెళ్ళినప్పుడు లేవట్లేదు, నువ్వెళ్ళినప్పుడే లేస్తోందే! నువ్వుగానీ అక్కడ నిలబడి దాంతో కబుర్లాడుతున్నావేంటి?"

అందరూ గొల్లుమన్నారు. నేను కాగితం మడిచేసుకున్నాను. కబుర్లే ఆడుతున్నాను మరి, రెండుసార్లు, పైకి, మొహం దగ్గర పెట్టి! బందరు ఉక్కలో మన ఊపిరికీ బయటి గాలికీ పెద్ద తేడా ఏముంటుంది గనక? ఇక్కడ ఒక్క మాటకే పొగమంచు కమ్ముకుంటుంది. మర్నాడు ఊపిరి బిగబట్టి ఒకసారి, పైకి చదివి ఒకసారి చూశాను. గాలి లేనప్పుడు తేడా బాగా ఉంది, ఈదురుగాలిలో అసలు లేదు. అంటే ముప్పై ఎనిమిది రోజుల నా అంకెల్లో ఏది ఎంత తప్పో ఆ దేవుడికే తెలియాలి.

సిగ్గుతో చచ్చిపోయాను. మా బృంద నాయకుడు మంచివాడే. అర డిగ్రీ చొప్పున తీసేసి రాసెయ్యి, ఎవరు చూడొచ్చారు, ఉత్తినే నీ పేరు పాడుచేసుకోకు అన్నాడు. ఆ రాత్రి నిజంగానే ఊగిసలాడాను. కానీ అర డిగ్రీ అన్నది నేను కంటితో చూసింది కాదే! పొద్దున్నే పుస్తకం తీసి, ముప్పై ఎనిమిది పేజీల్లోనూ నా పగటి ఉష్ణోగ్రతల మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీసి, ప్రతి పేజీలోనూ, చదివినవాడి ఊపిరి తగిలింది, నమ్మవద్దు అని రాసి, కింద సంతకం పెట్టాను. నాయకుడు వారం రోజులు నాతో ముభావంగా ఉన్నాడు.

ఆ తర్వాత చలికాలమంతా మూతికి మఫ్లరు బిగించి, పెట్టెకి పది అడుగుల ముందే ఊపిరి పట్టి, చూసి, తలుపు మూసి, వెనక్కి తిరిగాకే వదిలేవాణ్ణి. మంచుతుఫానులో తాడు పట్టుకుని పాక్కుంటూ వెళ్ళిన రోజులున్నాయి. ముక్కు చివర చర్మం ఊడింది. వంటాయన, పోనీ ఇవాళ్టికి మానెయ్యి బావా, నీ ముక్కు లేకుండా మా చెల్లెలికేం సమాధానం చెప్పను అనేవాడు. ఒక్క పూట మానలేదు, ఒక్క మాట పైకి అనలేదు.

తిరిగొచ్చాక పెద్దాయనకి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. అప్పటికాయన రిటైర్మెంటుకి పది రోజులే ఉంది. ఆయన నేర్పిన అలవాటే నన్ను ముంచిందని ఏ మొహంతో చెప్పను? తల వంచుకుని, తప్పు నాదేనండీ, చోటు మారితే పద్ధతి మార్చుకోవాలని తెలుసుకోలేకపోయాను అన్నాను. ఆయన కిటికీ లోంచి తెల్లపెట్టె వంక చూశారు.

"అయితే మన డిసెంబరు, జనవరి పొద్దులు కూడా అనుమానమేనంటావా?"

ఉండొచ్చండీ, కొంచెమే అన్నాను. కొంచెమో, గొప్పో మనం చూడలేదుగా అన్నారాయన. మర్నాటి నుంచి బీరువాలోని పాత పుస్తకాలు ఒక్కొక్కటే దింపించి, ముప్పై ఏళ్ళ చలి పొద్దులన్నిటి పక్కనా ఎర్ర పెన్సిలుతో 'అనుమానం' అని రాస్తూ పోయారు. నేను దుమ్ము దులిపి అందించేవాణ్ణి. చివరి పుస్తకం ఆయన ఆఖరి రోజు సాయంత్రం పూర్తయింది. పూలదండ వేయడానికి వచ్చినవాళ్ళు బయట వరండాలో కాచుక్కూర్చున్నారు. పెన్సిలు బల్ల మీద పెట్టి, వెళ్దాం పదరా అబ్బాయ్ అన్నారు.

ఇప్పుడా ఆవరణలో వంగి చదివే మనిషి లేడు. స్తంభానికి బిగించిన యంత్రం నిమిషానికో అంకె పంపుతుంది, చెడిపోతే ఎవరో వచ్చి విప్పి ఇంకోటి పెట్టి వెళ్తారు. మంచిదే, ఎవరి ముక్కూ ఊడక్కర్లేదు, తుఫానులప్పుడు మా దివిసీమ జనం ముందే మెరకకి చేరుతున్నారు, అంతకంటే కావలసిందేముంది? అయినా ఒక్క సంగతికి మనసు చివుక్కుమంటుంది. పదవిలో మిగిలిన ఆఖరి పది రోజులూ, తన బతుకంతా రాసిన పేజీల మీద తన చేత్తోనే ఎర్రగా గీసుకుంటూ కూర్చున్న మనిషిని ఇకమీదట ఆ ఆఫీసులో ఎవరూ చూడరు. నేను చూశాను.