ఎడమ పెట్టె మోగడం లేదు

అశోక్‌నగర్‌లో ఒక గదికి కిరాయి కడుతూ పుస్తకాల మధ్య పడుకుని లేచిన ఆ రోజుల్లో నాకు రెండే రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, నేను ఎస్సై కావడం ఖాయం. రెండోది, సంగీతంలో నా చెవిని మించిన చెవి ఆ వీధిలో లేదు. పరుగులు, దూకుళ్లు గట్టెక్కాను కాబట్టి మొదటి నమ్మకం. మా ఊరి భజనలో మూడేళ్లు హార్మోనియం వాయించాను కాబట్టి రెండోది. (అసలు వాయించేవాడు ఊరు వదిలి పోతే, వేరే దిక్కులేక నన్ను కూర్చోబెట్టారని ఎవరికీ చెప్పేవాణ్ని కాదు.) ఇక మిగిలింది రాత పరీక్ష, దాని వెనక వైద్య పరీక్ష. ఊళ్లో నాన్న అప్పటికే ఎస్సై తండ్రి హోదాలో టీ కొట్టు ముందు కూర్చుంటున్నాడు.

గదిలో నాతో ఉండేవాణ్ని అందరూ వకీలు అనేవాళ్లు. లా చదవలేదు గాని, మెస్సులో పప్పు పల్చగా ఉందంటే గరిటె చేతికి తీసుకుని మరీ వాదించేవాడు. ఇద్దరం ఒకే ఫోన్ మీదికి వంగి రికార్డు క్లాసులు వినేవాళ్లం. నాకు సరిగ్గా వినపడక దాన్ని నా వైపు లాక్కునేవాణ్ని, వాడు వాడి వైపు లాక్కునేవాడు. ఈ గుంజులాట భరించలేక, ఇద్దరం చెరికొంత వేసుకుని ఒక జత స్పీకర్లు కొందామనుకున్నాం. వేసుకున్నది మరీ కొంచెం కాబట్టి మోసపోకూడదని, ఎంచే బాధ్యత నా చెవికి అప్పజెప్పాం.

చిక్కడపల్లిలో మొదటి దుకాణంలో పాట పెట్టగానే కళ్లు మూసుకుని విని, "ఎడమది తక్కువ మోగుతుందన్నా" అన్నాను. వకీలు అందుకున్నాడు. "సగం కూడ మోగుతలేదు. ఖరాబైన మాల్ మాకు అంటగడ్తున్నవా?" దుకాణదారు ఇంకో జత పెట్టాడు. అందులోనూ ఎడమదే తక్కువ. మూడో జతా అంతే. పక్క దుకాణంలోనూ అదే కథ. "చిక్కడపల్లికి మొత్తం ఒక్కటే లాట్ దిగినట్టుంది, నారాయణగూడ పోదాం పా" అని తేల్చాడు వకీలు. నా చెవి పదును చూసి నాకే గర్వమేసింది.

నారాయణగూడలో కూర్చున్నది నెరిసిన గడ్డం పెద్దాయన. ఎడమది మోగడం లేదనగానే పెట్టెలు అటుదిటు మార్చాడు. మళ్లీ ఎడమదే. తీగలు మార్చాడు. మళ్లీ ఎడమదే. వకీలు గొంతు లేచింది. పెద్దాయన మాత్రం విసుక్కోకుండా నా మొహంలోకి కాసేపు చూసి, "బేటా, జర వెనక్కి తిరిగి నిలబడు" అన్నాడు. స్పీకర్లకు వీపు పెట్టి నిలబడ్డాను.

"ఇప్పుడు చెప్పు, ఏది తక్కువుంది?"

"ఎడమదే!" అన్నాను, గెలిచినట్టు.

ఇందాకటి దాకా నేను భేషుగ్గా ఉందన్న కుడి పెట్టే ఇప్పుడు నా ఎడమన ఉందని అర్థం కావడానికి నాకు కొంచెం సమయం పట్టింది. పెద్దాయన పాట ఆపేసి, "స్పీకర్ మంచిగనే ఉంది బేటా. చెవి చూపించుకో" అన్నాడు మెల్లగా.

తిరుగుదారిలో వకీలు చాలా దూరం తల దించుకునే నడిచాడు. చివరికి, "నాకు అన్ని దుకాణాల్ల రెండు పెట్టెలు సమానంగనే వినిపించినయ్‌రా. నువ్వు సంగీతం తెలిసినోనివి, నాకే తెలుస్తలేదేమో అనుకున్న" అన్నాడు.

చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయా అని అడిగాడు చెవి డాక్టరు. వచ్చాయన్నాను. నరం అప్పుడే పోయిందట, మందు లేదట. క్లాసులో ఎప్పుడూ ఎడమ గోడను ఆనుకుని కూర్చోవడం, ఫోన్ కుడిచెవికి తప్ప ఆనించకపోవడం, పిలిస్తే పలకడని బంధువుల్లో నాకొచ్చిన పొగరుబోతు పేరు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. వైద్య పరీక్ష దాకా పోవాల్సిన పనే లేకుండా పోలీసు ఉద్యోగం పోయింది. పోనీ వికలాంగుల కోటా ఉందేమోనని అడిగితే ఒక్క చెవికి రాదన్నారు. (రెండోది కూడా పోగొట్టుకుని రమ్మంటారేమోనని అక్కణ్నుంచి త్వరగా వచ్చేశాను.) నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. "సరే బిడ్డా, తిన్నవా?" అన్నాడాయన. ఆ మాటకు ఏడుపొచ్చింది. వారం రోజులు మంచం దిగలేదు.

ఎనిమిదో రోజు వకీలు నన్ను లేపి, మొహం కడిగించి, మళ్లీ నారాయణగూడ తీసుకుపోయాడు. పెద్దాయన విషయం కనుక్కుని, నా మేలు కోరే, "ఇంక రెండెందుకు బేటా? ఆ పైసలతోనే పెద్దది ఒక్కటి తీస్కో, మస్తుగ మోగుతది" అన్నాడు. లెక్క ప్రకారం అది న్యాయమే. నేను తలూపబోతుంటే వకీలుకు కోపమొచ్చింది. "నాకు రెండు చెవులున్నయ్. జోడీ కట్టు!" అన్నాడు. రెండు చెవులున్నవాడి దర్జా చూడు అని లోపల్లోపల కుళ్లుకున్నాను. ఆ పూట వాడంటే నిజంగానే ఒళ్లు మండింది.

గదికి రాగానే వాడు ఆ రెండు పెట్టెల్నీ నా మంచానికి కుడివైపున, ఒకదాని మీద ఒకటి ఎక్కించి తీగలు తగిలించాడు.

"ఎవరన్న గట్ల పెడ్తరారా? ఒకటి ఇటు, ఒకటి అటు ఉండాలె. గింత కూడ తెల్వదా?" అని కసిరాను.

"వినిపిస్తుందా లేదా?" అన్నాడు వాడు.

వినిపిస్తోంది. "గంతే ఇగ" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు నేనొక ఆఫీసులో గుమాస్తాను. వచ్చినవాళ్లను కుడివైపు కుర్చీలో కూర్చోబెట్టుకుంటాను. ఆ గది వదిలిపోయే దాకా, ఇంకో రెండేళ్లు, ఆ పెట్టెలు అలాగే, నా కుడివైపునే ఉన్నాయి. స్పీకర్లు పెట్టడం కూడా చేతకాదని ఆ రెండేళ్లూ వచ్చిన ప్రతివాడికీ చూపించి వకీలును వెక్కిరించిన అప్పటి నాలోని ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. అతగాడికి వినపడనిది ఒక్క ఎడమ పెట్టే కాదు.